పాతికేళ్ల సర్వీసుకు చట్టం కట్టే లెక్క ఏది?

ఒకే సంస్థలో పాతికేళ్లు నిండితే మన దగ్గర శాలువా కప్పుతారు, దండ వేస్తారు, పేరు చెక్కించిన మెమెంటో చేతిలో పెడతారు. హన్మకొండలోనో గోదావరిఖనిలోనో అయితే తోటివాళ్లు చందాలేసుకుని చౌరస్తాలో ఫ్లెక్సీ కూడా కట్టిస్తారు. తెల్లారి ఇంట్లో వచ్చే ప్రశ్న వేరు: "ఇన్నేళ్లు చేసినవ్ కదా, మరి ఎంతొస్తది?"

దీనికి సూటిగా జవాబు చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఎందుకంటే కార్మిక చట్టాల్లో పాతికేళ్లు అనే మైలురాయే లేదు. అయిదేళ్లకు ఒక హక్కు ఉంది, పదేళ్లకు ఒకటుంది, ఇరవై ఏళ్లకు చిన్న అదనం ఉంది. ఇరవై అయిదుకు ప్రత్యేకంగా ఏమీ లేదు.

దీనికి తోడు 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి "ఇక ఏడాది చేస్తే చాలు, అందరికీ గ్రాట్యుటీ" అన్న మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. అందులో నిజం ఉంది కానీ "అందరికీ" అన్నచోటే తేడా.

అసలు చిక్కు ఏమిటంటే, ఒక్కో ప్రయోజనం మన సర్వీసును ఒక్కో రకంగా లెక్కపెడుతుంది. గ్రాట్యుటీ యజమానిని చూస్తుంది. పీఎఫ్ పింఛను మనిషిని చూస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి స్కేలు పోస్టును చూస్తుంది. శాలువా సంగతంటారా, అది యాజమాన్యం ఇష్టం.

గ్రాట్యుటీ: అయిదేళ్లు, అదే యజమాని

గ్రాట్యుటీ అంటే ఒకే యజమాని దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినందుకు ఉద్యోగం వదిలేటప్పుడు ఆ యజమాని ఇవ్వాల్సిన మొత్తం. ఉద్యోగి జీతంలోంచి దీనికి పైసా కోత ఉండదు. 1972 నాటి చట్టం కింద వచ్చిన ఈ హక్కు ఇప్పుడు ఆ నాలుగింట్లో ఒకటైన సామాజిక భద్రతా కోడ్‌లోకి చేరింది. ఫ్యాక్టరీలు, గనులతో పాటు పది మందికి తగ్గకుండా పనిచేసే దుకాణాలు, సంస్థలకూ ఇది వర్తిస్తుంది. ఒకసారి వర్తించాక, తర్వాత మనుషులు పది మంది కంటే తగ్గినా బాధ్యత పోదు.

రిటైరైతేనే వస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అయిదేళ్లు నిండాక రాజీనామా చేసినా వస్తుంది. ఉద్యోగి చనిపోయినా, ప్రమాదం వల్లో జబ్బు వల్లో పనిచేయలేని స్థితికి వచ్చినా అయిదేళ్ల షరతు కూడా ఉండదు.

లెక్క ఇది: చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగిస్తే ఒకరోజు జీతం. నెలలో నాలుగు ఆదివారాలు తీసేస్తే మిగిలేవి 26 రోజులు కాబట్టి ఆ అంకె. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ఎన్నేళ్లుంటే అన్నేళ్లకు గుణించాలి. చివరి బేసిక్, డీఏ 26,000 అనుకుందాం. రోజుకు 1,000, ఏడాదికి 15,000. పదేళ్లకు 1,50,000.

చివర్లో మిగిలిన నెలలు ఆరు దాటితే పూర్తి ఏడాది కింద తీసుకుంటారు, దాటకపోతే వదిలేస్తారు. అదే మనిషి పదేళ్ల ఏడు నెలలకు మానేస్తే పదకొండేళ్ల లెక్కన 1,65,000 వస్తుంది. పదేళ్ల అయిదు నెలలకు మానేస్తే 1,50,000 దగ్గరే ఆగుతుంది. రెండు నెలల తొందరకు పదిహేను వేలు పోతాయి.

ఇందులో గమనించాల్సింది చివరి జీతం. మొదటి ఏడాది నాలుగు వేల జీతానికి చేసిన పనికి కూడా ఆఖరి నెల జీతంతోనే లెక్క కడతారు. పాత ఉద్యోగులకు గ్రాట్యుటీ పెద్దగా కనిపించడానికి ఇదే కారణం. ఒకే కంపెనీని అంటిపెట్టుకుని ఉన్నవాళ్లకు చట్టం ఇచ్చే అసలు బహుమానం కూడా ఇదే.

అయితే పైన కప్పు ఉంది. 2018 మార్చి 29 నుంచి గరిష్ఠ పరిమితి 20 లక్షలు. చివరి బేసిక్, డీఏ 1,20,000 ఉన్న ఉద్యోగికి దాదాపు 29 ఏళ్లకే ఆ మొత్తం నిండుతుంది. తర్వాత ఇంకో ఏడేళ్లు చేసినా చట్టం ప్రకారం గ్రాట్యుటీ ఒక్క రూపాయి పెరగదు. యాజమాన్యం ఇంకా ఎక్కువ ఇవ్వొచ్చు. కానీ ప్రైవేటు ఉద్యోగికి ఆదాయపు పన్ను మినహాయింపు మాత్రం జీవితకాలంలో 20 లక్షల వరకే.

ఒకే మిల్లు, అవే పద్నాలుగేళ్లు, రెండు మొత్తాలు

వరంగల్ చుట్టుపక్కల ఈ లెక్క ఎక్కువగా తప్పేది పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లుల్లో. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి దసరా నాటికి రావడం మొదలై, శివరాత్రి దాటాక పలచబడుతుంది. మిల్లు మిషన్లు కూడా ఆ నెలల్లోనే తిరుగుతాయి. ఇలాంటి పనిలో సీజన్ వరకే ఉండే కార్మికుడికి చట్టం పదిహేను రోజులకు బదులు, సీజన్‌కు ఏడు రోజుల జీతమే లెక్కిస్తుంది.

ఒక మిల్లులో ఇద్దరిని తీసుకుందాం. ఇద్దరిదీ రోజుకు 500 రూపాయల జీతమే. ఇద్దరూ ఒకే దసరాకు చేరి పద్నాలుగేళ్లు చేశారు. ఒకరు గుమస్తా. పత్తి ఉన్నా లేకున్నా ఏడాదంతా ఖాతాలు రాస్తూ, పాత బాకీలు వసూలు చేస్తూ ఉంటాడు. ఆయనకు 500 × 15 × 14, అంటే 1,05,000. ఇంకొకరు జిన్ను దగ్గర పత్తి వేసే మనిషి. సీజన్ అయ్యాక ఊరికి వెళ్లి వరినాట్లలో పడతాడు. ఆయనకు 500 × 7 × 14, అంటే 49,000. ఇది మోసం కాదు, చట్టంలోనే అలా ఉంది.

మోసం జరిగేది వేరేచోట. మిల్లు ఆగినా గోదాము కాపలాకో, మిషన్ల రిపేరుకో ఏడాదంతా ఉంచుకున్న మనిషిని కూడా చివర్లో "సీజన్ లేబర్" అని రాసేస్తారు. మిల్లు నడిచిన రోజుల్లో నూటికి 75 పనిచేస్తే సీజన్ కార్మికుడికి ఆ ఏడాది సర్వీసు నిండినట్టే. ఆ సంగతి కూడా చాలామందికి తెలియదు.

ఇక అదే మిల్లులో బస్తాలు మోసే హమాలీల సంగతి మరీ తేలనిది. సంఘం ద్వారా వస్తారు, బస్తాల లెక్కన కూలి తీసుకుంటారు. ఇరవై ఏళ్లు అదే గేటులోంచి లోపలికి వెళ్లినా, వాళ్లకు యజమాని ఎవరన్నదే ముందు తేలాలి.

నాలుగేళ్ల ఎనిమిది నెలలకు మానేస్తే?

అయిదేళ్లు అంటే క్యాలెండర్ ప్రకారం అయిదేళ్లా? చట్టం "నిరంతర సర్వీసు"కు ఒక కొలత పెట్టింది. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాది చేసినట్టే లెక్క. భూగర్భ గనుల్లోనూ, వారానికి ఆరు రోజుల కంటే తక్కువ నడిచే సంస్థల్లోనూ 190 రోజులు చాలు. సింగరేణి ప్రాంతంలో ఇది పిల్లలకు కూడా తెలుసు. బాయి (భూగర్భ గని) దిగేవాళ్లకు 190 మస్టర్లు (హాజరు రోజులు), పైన పనిచేసేవాళ్లకు 240 మస్టర్లు అని ఇంట్లో లెక్క వేసుకుంటూనే ఉంటారు.

ఈ కొలతను అయిదో ఏడాదికీ వర్తింపజేస్తే నాలుగేళ్ల 240 రోజులకే గ్రాట్యుటీ రావాలి. మద్రాసు హైకోర్టు 1998లో మెట్టూరు బియర్డ్‌సెల్ కేసులో ఇదే చెప్పింది. ఉద్యోగుల తరఫు వాదనకు ఇదే ఆధారం. యాజమాన్యాల వాదన వేరు: 240 రోజుల సూత్రం మధ్యలో గైర్హాజరైనవాళ్లకు ఏడాది పోకుండా కాపాడటానికి పెట్టింది, అయిదేళ్లను తగ్గించడానికి కాదు అంటారు. మద్రాసు తీర్పు మన దగ్గర అధికారులు, కోర్టులు చూసి విలువ ఇవ్వదగినదే గానీ, తెలంగాణలో తప్పక పాటించాల్సినది కాదు. చట్టం మాటలు చదివితే నాకు ఉద్యోగుల వాదనే బలంగా కనిపిస్తుంది. కానీ ఆ ధీమాతో నాలుగేళ్ల ఎనిమిది నెలలకే రాజీనామా రాసిన వ్యక్తికి గ్యారంటీ ఇవ్వడం కష్టం.

అందులోనూ ఇంకో మెలిక ఉంది. 2021 జూన్ 1న చేరి 2026 ఫిబ్రవరి 15న మానేసిన ఒక ఉద్యోగిని తీసుకోండి. అయిదో ఏడాదిలో 260 రోజులు గడిచాయి. అందులో 38 ఆదివారాలు. వాటిని తీసేస్తే 222 రోజులే మిగులుతాయి, 240 నిండవు. ఉంచితే నిండుతాయి. జీతంతో కూడిన ఆదివారాలు, సెలవులను పనిచేసిన రోజులుగానే చూడాలని సుప్రీంకోర్టు 1985లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కేసులో చెప్పింది. అది పారిశ్రామిక వివాదాల చట్టం కింద వచ్చిన తీర్పు. గ్రాట్యుటీ తగాదాల్లోనూ ఉద్యోగులు దాన్నే చూపిస్తారు.

సెలవులు, సమ్మె, లాకౌట్, ఉద్యోగి తప్పు లేకుండా పని ఆగిపోవడం, ఇవేవీ సర్వీసును తెంచవు. ప్రసూతి సెలవు 26 వారాల వరకు పనిచేసిన రోజుల్లోకే వస్తుంది.

వేసవిలో తెగే సర్వీసు

హన్మకొండ, కరీంనగర్‌లలో ప్రైవేటు స్కూళ్లు ఎన్నున్నాయో అందరికీ తెలుసు. టీచర్లు గ్రాట్యుటీ కిందికి వస్తారా రారా అన్నది చాలాకాలం తేలలేదు. 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వాళ్లకు వర్తించేలా చేశారు. ప్రైవేటు పాఠశాలలు దాన్ని సవాలు చేస్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణ సరైనదేనని తేల్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలకూ గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పింది.

హక్కు దొరికింది సరే, సర్వీసు దొరకాలి కదా. కొన్నిచోట్ల ఏప్రిల్ నెలాఖరుకు టీచర్లను రిలీవ్ చేసి, జూన్‌లో కొత్త అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇస్తారు. మే నెల జీతం ఉండదు. ఇలా పదేళ్లు గడిచాక "ఇవి పది వేర్వేరు ఉద్యోగాలు, మా దగ్గర ఎవరూ అయిదేళ్లు చేయలేదు" అంటుంది యాజమాన్యం. విద్యా సంవత్సరం ప్రకారమే పని ఉంటుంది, సంతకం పెట్టే చేరారు కదా అన్నది వాళ్ల వైపు మాట. అది పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. ఏటా నిజంగానే కొత్తవాళ్లను తీసుకునే చోటా ఉంటుంది.

కానీ అదే మనిషి, అదే ఎనిమిదో తరగతి, ఏటా ప్రోగ్రెస్ కార్డు మీద క్లాస్ టీచర్ దగ్గర అదే సంతకం ఉంటే, మధ్యలో తెగడం కాగితం మీద మాత్రమేనని వాదించడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. పీఎఫ్ ఖాతా మారకపోతే, జీతం అదే బ్యాంకు ఖాతాలో పడుతుంటే ఆ వాదన ఇంకా బలపడుతుంది. కేసు ఎటు తిరుగుతుందన్నది ఎక్కువగా ఇలాంటి చిన్న కాగితాల మీదే ఆధారపడుతుంది.

"ఏడాదికే గ్రాట్యుటీ" ఎవరికి?

వాట్సాప్ మెసేజ్ వచ్చింది ఇక్కడి నుంచే. కొత్త కోడ్ ప్రకారం, ఫలానా తేదీ వరకు అని రాతపూర్వక ఒప్పందంతో తీసుకున్న ఉద్యోగికి ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ వస్తుంది. దీన్నే ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగం అంటారు. వాళ్లకు అయిదేళ్ల షరతు లేదు, చేసిన కాలాన్ని బట్టి లెక్క కడతారు. పర్మినెంట్ ఉద్యోగికి మాత్రం అయిదేళ్ల నిబంధన అలాగే ఉంది.

నెలకు 13,000 బేసిక్‌తో రెండేళ్ల ఒప్పందంలో పనిచేసిన ఇంజినీర్‌కు ఒప్పందం ముగియగానే 500 × 15 × 2, అంటే 15,000 రావాలి. అదే జీతంతో పర్మినెంట్‌గా చేరి రెండేళ్లకు మానేసిన స్నేహితుడికి ఏమీ రాదు. వింతగా ఉన్నా లెక్క అదే. కాలం చెప్పి తీసుకున్నవాడికి అయిదేళ్లు ఉండే అవకాశమే ఇవ్వరు కాబట్టి ఈ వెసులుబాటు.

ఇందులో ఒక తమాషా ఉంది. గ్రాట్యుటీ తప్పించుకోవడానికే ఏడాదేడాది ఒప్పందాలు రాయించుకునే యాజమాన్యాలకు ఇప్పుడు ఆ ఒప్పందమే ఏటా గ్రాట్యుటీ తెచ్చిపెడుతుంది. కాబట్టి పదకొండు నెలల ఒప్పందాలు పెరుగుతాయేమోనని సంఘాలు అనుమానిస్తున్నాయి. పదకొండు నెలల్లో 240 రోజులు నిండితే ఏడాది కింద లెక్కేనా? ఈ ప్రశ్న మీద తగాదాలు రావడం ఖాయం.

జీతంలో సగం నిబంధన

పాతికేళ్లవాళ్లకు అసలు మార్పు ఇక్కడుంది. చాలా కంపెనీల్లో స్లిప్పు మీద బేసిక్ తక్కువగా, అలవెన్సులు ఎక్కువగా ఉంటాయి. గ్రాట్యుటీ తగ్గించుకోవడానికి ఇది పాత మార్గం. కొత్త కోడ్ ప్రకారం, మినహాయించదగిన అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటినంత మొత్తాన్ని జీతంలో కలిపి లెక్క కట్టాలి.

హన్మకొండలో ఒక షోరూం మేనేజర్‌కు నెలకు 30,000 అనుకుందాం. బేసిక్ 9,000. మిగతా 21,000 ఇంటి అద్దె, ప్రయాణ భత్యం, కమీషన్ లాంటివి. సగం అంటే 15,000. దాటింది 6,000. అది కలిపితే గ్రాట్యుటీ జీతం 15,000. పన్నెండేళ్లకు పాత లెక్కలో 62,307 వచ్చేది, కొత్త లెక్కలో 1,03,846 వస్తుంది.

మరి 2025 నవంబర్‌కు ముందు చేసిన ఏళ్లకు కూడా కొత్త లెక్కేనా? సూత్రం "చివరి జీతం" అంటోంది కాబట్టి మొత్తం సర్వీసుకూ ఇదే అన్నది ఒక వాదన. పెద్ద ఐటీ కంపెనీలు 2025 డిసెంబర్ త్రైమాసికం ఖాతాల్లోనే దీనికోసం అదనపు ఖర్చు చూపించడం వెనక ఉన్నది ఈ ఆలోచనే. చిన్న యాజమాన్యాలేమో పాత చట్టం కింద గడిచిన కాలానికి పాత నిర్వచనమే వర్తించాలి, లేకుంటే ఎప్పుడో ముగిసిన ఏళ్లకు ఇప్పుడు భారం వేసినట్టు అవుతుంది అంటాయి. మొదటి వాదనే సూత్రానికి దగ్గరగా ఉంది. అయినా చివరి మాట కోర్టులదే.

పింఛను యజమానిని చూడదు

పీఎఫ్‌తో పాటు వచ్చే పింఛను పథకం 1995 నవంబర్ 16న మొదలైంది. దీనికి పదేళ్ల సర్వీసు కావాలి. ఆ పదేళ్లు ఒకేచోట ఉండనక్కర్లేదు.

ఒకామె 2015లో కరీంనగర్‌లో ఒక గ్రానైట్ కంపెనీలో చేరి నాలుగేళ్లు చేసింది. తర్వాత హన్మకొండలో ఒక ఆసుపత్రిలో మూడేళ్లు, మరో కాలేజీలో నాలుగేళ్లు. ఎక్కడా అయిదేళ్లు నిండలేదు, గ్రాట్యుటీ సున్నా. పింఛనుకు మాత్రం పదకొండేళ్లు. పింఛను లెక్కకు తీసుకునే గరిష్ఠ జీతం 15,000, దాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే 58 ఏళ్లకు నెలకు 2,357 రూపాయలు. 2014 సెప్టెంబర్‌కు ముందు ఈ జీతం పరిమితి 6,500 ఉండేది కాబట్టి, పాతవాళ్లకు రెండు ముక్కలుగా లెక్క కడతారు. ఇరవై ఏళ్లు నిండితే రెండేళ్లు అదనంగా కలుపుతారు.

ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్‌తో పాటు పింఛను డబ్బు కూడా తీసేసుకుంటే ఆ సర్వీసు అక్కడితో చెరిగిపోతుంది. పైన చెప్పినామె గ్రానైట్ కంపెనీ డబ్బు తీసుకుని ఉంటే ఏడేళ్లే మిగిలేవి, పింఛను ఉండేది కాదు. సింగరేణివాళ్లకు ఈ పథకం వర్తించదు. వాళ్లది బొగ్గుగనుల ప్రావిడెంట్ ఫండ్, 1998 నుంచి దాని పింఛను పథకం వేరు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల సంగతి రెండు ముక్కల్లో. ప్రమోషన్ రాకుండా ఒకే పోస్టులో 6, 12, 18, 24 ఏళ్లు నిండితే పై స్కేలో, అదనపు ఇంక్రిమెంటో వస్తుంది. ప్రమోషన్ వస్తే ఆ లెక్క కొత్త పోస్టులో మళ్లీ మొదటి నుంచి. ముప్పై ఏళ్ల సర్వీసున్న హెడ్మాస్టర్‌కు ఆరేళ్ల స్కేలు ఇంకా రాలేదంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఏజెన్సీ మారితే

ఇన్ని లెక్కల్లో దేనికీ సరిగ్గా అమరనివాళ్లు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కార్మికులు. పదిహేనేళ్లు అదే వార్డులో చెత్త బండి నడిపినా, జీతం ఇచ్చే ఏజెన్సీ మూడేళ్లకోసారి టెండర్‌లో మారుతుంది. పింఛనుకు ఇబ్బంది లేదు, ఒకే పీఎఫ్ నంబరు కింద అన్నీ కలుస్తాయి. గ్రాట్యుటీ దగ్గరకు వచ్చేసరికి ప్రతి ఏజెన్సీ "మా దగ్గర మూడేళ్లే" అంటుంది.

కాంట్రాక్టర్ ఇవ్వకపోతే జీతం అసలు యజమానే ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచే ఉంది. గ్రాట్యుటీ కూడా ఆ బాధ్యతలోకి వస్తుందా అన్నది వివాదం. పని మారలేదు, చోటు మారలేదు కాబట్టి అసలు యజమానే లెక్కలోకి రావాలని సంఘాలు అంటాయి. నియమించింది, తీసేసేది ఏజెన్సీ కాబట్టి యజమాని ఏజెన్సీయేనని సంస్థలు అంటాయి. కొత్త కోడ్‌లోని ఏడాది వెసులుబాటు కూడా వీళ్లకు దానంతటదే రాదు. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగి అంటే సంస్థ నేరుగా ఒప్పందం రాసుకున్న మనిషి, మధ్యలో కాంట్రాక్టర్ ఉన్న మనిషి కాదు.

పదేళ్లు చేస్తే పర్మినెంట్ చేయాలన్న మాట కూడా ఇక్కడే వినిపిస్తుంది. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు పదేళ్ల ప్రస్తావన తెచ్చింది నిజమే. కానీ అది మంజూరైన పోస్టుల్లో, కోర్టు స్టే ఆదేశాల అండ లేకుండా పనిచేసినవాళ్ల కోసం ఒక్కసారికి ఇచ్చిన మినహాయింపు. ఆ తీర్పును అడ్డం పెట్టుకుని, శాశ్వత అవసరం ఉన్న పనికి దశాబ్దాల తరబడి తాత్కాలికంగా వాడుకోవడం తగదని 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో అదే కోర్టు మందలించింది. ఆ రెండు తీర్పుల మధ్య ఎవరి కేసు ఎటు పడుతుందన్నది వాళ్ల పోస్టు మంజూరైనదా కాదా, పని ఎప్పుడూ ఉండేదా కాదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.